ఫుల్ హ్యాండ్స్ చొక్కాలో అంపైర్

1996. చలి తగ్గి ఎండ చురుక్కుమంటున్న రోజులు. శంషాబాద్ హైస్కూల్ గ్రౌండులో రెండు రోజుల కబడ్డీ పోటీలు. ఇప్పుడు విమానాలు దిగే దిక్కున అప్పుడు జొన్నచేలు, రాళ్ల గుట్టలు ఉండేవి. బెంగుళూరు రోడ్డు మీద లారీ హారన్ కొట్టిందంటే గ్రౌండులో మా విజిల్ వినపడేది కాదు. నేను అప్పుడు అదే మండలంలో ఒక బాలికల హైస్కూల్లో పీఈటీని, అంటే డ్రిల్లు టీచర్ని. పోటీలప్పుడు అఫీషియల్స్ ఇన్‌చార్జిని. అఫీషియల్స్ అంటే ఆట ఆడించేవాళ్లు: ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఇద్దరు లైన్స్‌మెన్, ఒక స్కోరర్. వాళ్లు వేళకు వచ్చారా, విజిళ్లు పనిచేస్తున్నాయా, బట్టలు నియమం ప్రకారం ఉన్నాయా అని చూసుకోవడం నా పని.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. కాలికి చక్రాలు కట్టుకొని పుట్టావే అని మా అమ్మ విసుక్కునేది. పోటీల రోజుల్లో మరీ ఎక్కువ. టేబుల్ దగ్గర కుర్చీ వేస్తారు గాని అది నా సంచీ పెట్టుకోవడానికే.

మా జిల్లాలో అప్పటి నియమం ఇది. అఫీషియల్ తెల్ల ప్యాంటు, తెల్ల హాఫ్ హ్యాండ్స్ చొక్కా, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకోవాలి. ఎడమ ఛాతీ మీద కబడ్డీ సంఘం బ్యాడ్జి తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఉంగరం, గడియారం కూడా వద్దు, ఆటగాడు మీద పడితే గీరుకుంటుందని. చేతులెత్తి సైగలు చేసే పని కాబట్టి హాఫ్ హ్యాండ్స్. ఆడ అఫీషియల్ ఏం వేసుకోవాలో ఎక్కడా లేదు. ఆడమనిషి కూడా ఈ పనికి వస్తుందని ఎవరికీ తోచలేదు కాబోలు. నేను తెల్లచీర కట్టి బొడ్లో కొంగు దోపుకొని, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకునేదాన్ని. దాని గురించి ఎవరైనా మాట్లాడితే తిరిగి నాలుగు మాటలు అనడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేదాన్ని.

ఆ ఏడు పోటీలకు సాయం చేసినవాళ్లు కుష్ఠు నిర్మూలన కార్యక్రమం వాళ్లు. షామియానా, మైకు, ట్రోఫీ వాళ్లవే. వాళ్ల తరఫున ఖాదర్ అనే పారామెడికల్ వర్కర్ వచ్చాడు. ఊరూరా తిరిగి ఒంటి మీద మచ్చలున్నవాళ్లను కనిపెట్టి మందు ఇప్పించే ఉద్యోగం అతనిది. గ్రౌండు పక్కనే ఒక చిన్న టెంటు వేసి, రెండు స్టూళ్లు పెట్టి, "మచ్చ ఉంటే చూపించండి, మందు ఉచితం" అని బట్ట కట్టాడు. మొదటి రోజంతా ఆ టెంటులోకి ఒక్క మేక తప్ప ఎవరూ అడుగు పెట్టలేదు.

ఆ మొదటి రోజు పొద్దున్నే ఖాదర్ పసుపుపచ్చ టీషర్టుల మూట విప్పాడు. వాటి మీద "కుష్ఠు నయమవుతుంది" అని ముందూ వెనకా పెద్ద అక్షరాలు. అఫీషియల్స్ అందరూ అవే వేసుకోవాలని అతని కోరిక. హైదరాబాద్ నుంచి సంఘం తరఫున పరిశీలకుడిగా వచ్చిన సుబ్బారావు గారు వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు. ఆయనది కోస్తా. మాట మెత్తన, మనిషి గట్టి.

"ఉద్దేశం మంచిదేనండీ, కాదనను. ఇవాళ దీనికి ఒప్పుకుంటే రేపు ఇంకెవరో సబ్బు పేరు తగిలించమంటారు. తెలుపంటే తెలుపే."

"సార్, మేం సబ్బు అమ్ముతలేం. మందు ఉన్నదని చెప్తున్నం, గంతే," అన్నాడు ఖాదర్. "ఊర్లల్ల మైకు పట్టుకొని తిరిగితే తలుపులేసుకుంటున్నరు. కబడ్డీకైతే ఉరికొస్తరు గద. జర సోంచాయించుండ్రి."

నాకు ఖాదర్ మాటే సబబనిపించింది. రెండు రోజులు పసుపు చొక్కా వేసుకుంటే కబడ్డీకి వచ్చే నష్టమేమిటని అడుగుదామని నోరు తెరిచాను. అంతలో నా వెనక నుంచి యాదగిరి గొంతు లేచింది.

"ఆ మాట పెయ్యి మీద ఏసుకొని నేను నిలబడ. కావాల్నంటే నన్ను తీసెయ్యిరి."

యాదగిరిది తొండుపల్లి. బర్రెలు మేపి, శంషాబాద్ బస్‌స్టాండు దగ్గరి హోటళ్లకు పాలు పోసేవాడు. ఒకప్పుడు మంచి రెయిడర్, అంటే కూత పెట్టుకుంటూ అవతలి బరిలోకి వెళ్లి తాకి వచ్చేవాడు. ఎందుకో ఆట మానేసి అంపైర్ అయ్యాడు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినని మనిషి. అందరం అతని వైపు చూశాం. అతను మాత్రం టీషర్టుల మూట వైపు పామును చూసినట్టు చూస్తున్నాడు. అప్పుడు గమనించాను, అతను వేసుకున్నది ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టి ఉన్నాయి.

టీషర్టులు మళ్లీ మూటలోకి వెళ్లాయి. ఆట మొదలయ్యేముందు నేను యాదగిరిని పక్కకు పిలిచాను.

"చేతులేంది గట్ల? హాఫ్ హ్యాండ్స్ లేదా?"

"చలి పెడ్తున్నదక్కా."

ఎండకు నా నెత్తి మాడిపోతోంది. "ఇయ్యాల ఎట్లనో నడిపిస్త. రేపు ఫైనల్. రేపు ఇట్ల వస్తే సుబ్బారావు సారు నిన్ను బరిలోకి రానియ్యడు," అన్నాను. సరే అని తలూపాడు గాని నా ముఖం చూడలేదు.

మధ్యాహ్నం నీళ్లు తాగడానికి నల్లా దగ్గరికి వెళ్లాను. యాదగిరి ఎవరూ లేరనుకొని చేతులు పైకి మడిచి మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. ఆ రంగు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ఎండకు నల్లబడ్డ నలుపు కాదది. ఎర్రన కలిసిన నలుపు, చర్మం పొడిబారి పొలుసులు పొలుసులుగా ఉంది. మా అమ్మ కుష్ఠు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. చిన్నప్పుడు అన్నం డబ్బా తీసుకొని వెళ్లినప్పుడల్లా ఆ రంగు చేతులు నన్ను పలకరించేవి. అది రోగం తెచ్చే రంగు కాదు, మందు తెచ్చే రంగు. ఆ క్యాప్సూల్స్ వేసుకున్నన్నాళ్లూ ఒళ్లు అలా మారుతుంది, మానేశాక మెల్లగా పోతుంది.

"ఎన్ని రోజుల సంది తింటున్నవ్ మందు?" అని అడిగాను.

అతను గబగబా చేతులు దించుకున్నాడు. తడి చేతుల మీదే గుండీలు పెట్టుకున్నాడు.

"నీకెట్ల తెలుసక్కా?"

"మా అమ్మ ఆ దవాఖానలనే పనిచేసింది. భయపడకు. ఖాదర్‌కు తెలుసా?"

"తెల్వదు. ఈడ తీసుకుంటే ఊరంత తెలుస్తదని పట్నం పోయి తెచ్చుకుంటున్న. ఇంక జరంతనే ఉన్నది, అయిపోవస్తది. నాతోని ఎవ్వలికి అంటదని డాక్టరే చెప్పిండు." అతను నల్లా కట్టేశాడు. "డాక్టర్ చెప్తే హోటలోల్లు ఇంటరా అక్కా? పెద్దరోగమున్నోడు పిండిన పాలు ఎవడు తాగుతడు? పాలు బంద్ అయితే నా పిల్లలు ఏం తినాలె?"

నా పని అతనికి హాఫ్ హ్యాండ్స్ వేయించడం. వేయిస్తే అతని పాలు పోతాయి. వేయించకపోతే ఫైనల్లో అతను ఉండడు. పైగా ఎందుకు తీసేశారని పదిమందీ అడుగుతారు, వెతుకుతారు. సుబ్బారావు గారి దగ్గరికి వెళ్లి ఒక్క అంపైర్‌కి మినహాయింపు ఇవ్వమని అడిగాను. కారణం చెప్పమన్నారు. చెప్పలేను. "అందరూ ఒకేలా ఉండాలమ్మా, యూనిఫాం అంటే అదే కదా," అన్నారాయన. ఆ మాట పట్టుకొని గ్రౌండు చుట్టూ తిరిగాను. తిరుగుతుంటే దారి దొరికింది. ఒక్కడికి మినహాయింపు అక్కర్లేదు. ఆరుగురికీ ఫుల్ హ్యాండ్స్ వేయిస్తే అందరూ ఒకేలా ఉంటారు.

శంషాబాద్‌లో సాయంత్రానికల్లా ఆరు తెల్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు ఎక్కడ దొరుకుతాయి? మా చర్చిలో. బల్ల ఆరాధన రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం, పెద్దలంతా తెల్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కాల్లో రావాలి. ఇంటింటికీ వెళ్లి అడిగాను. పెద్దల్లో పెద్దాయన దేవదానం గారు ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ, "ప్రేమలతా, కబడ్డీల మన్ను చేస్తరు, పైలం," అన్నారు. ఉతికి ఇస్తానని మాటిచ్చాను.

మరునాడు ఆరుగురూ పెద్దల చొక్కాల్లో దిగారు. రెఫరీకి మోకాళ్ల దాకా వచ్చింది. స్కోరర్‌కి బొజ్జ దగ్గర గుండీ పట్టలేదు. సుబ్బారావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమిటండీ ఇది?"

"అందరూ ఒకేలా ఉన్నారు సార్. మీరే అన్నారు కదా."

ఆయన ఏదో అనబోయారు. అప్పటికే అతిథులు వచ్చేశారు, మైకులో జట్ల పేర్లు పిలిచేస్తున్నారు. "దీని సంగతి తర్వాత చూద్దాం," అని కుర్చీలో కూర్చున్నారు. యాదగిరి నా పక్క నుంచి వెళ్తూ చేతుల గుండీలు మరోసారి సరిచూసుకున్నాడు.

ఫైనల్ బాలాపూర్‌కూ మహేశ్వరానికీ. మహేశ్వరం జట్టులో శ్రీశైలం అని ఒక కుర్రాడు కార్నర్ పట్టేవాడు. కార్నర్ అంటే వరసలో చివర నిలబడి రెయిడర్ కాలు దొరకబుచ్చుకునేవాడు. మా వైపు ఒక అలవాటు ఉంది. రెయిడర్ చెయ్యి తగిలిందంటే అంపైర్ చూసినా చూడకపోయినా తాకించుకున్నవాడే చెయ్యెత్తి బయటికి పోవాలి. అందరూ ఎత్తరు. శ్రీశైలం ఎత్తేవాడు. ముందురోజు అంపైర్ కంట పడని టచ్‌కు కూడా చెయ్యెత్తి వెళ్లిపోయి తన జట్టుతోనే తిట్లు తిన్నాడు. జిల్లా జట్టులోకి అతన్ని తీసుకుంటారని అందరూ అనుకుంటున్నారు.

ఆట ముగియవస్తోంది, పాయింట్లు సమానం. బాలాపూర్ రెయిడర్ వెనక్కి తిరుగుతూ చెయ్యి విసిరాడు. వేళ్ల కొసలు శ్రీశైలం ఎడమ మోచేతి పైన తగిలాయి. నేను చూశాను, గుంపు చూసింది. ఆ వైపు అంపైర్ యాదగిరి. వెంటనే చెయ్యెత్తాడు, టచ్.

శ్రీశైలం కదల్లేదు. "తాకలే," అన్నాడు.

"తాకింది తమ్మీ. నేను జూసిన," అన్నాడు యాదగిరి.

"మా అమ్మ మీద ఒట్టన్నా. తాకితే నాకు తెల్వదా?"

అంతే, గ్రౌండు గ్రౌండంతా లేచింది. బాలాపూర్ వాళ్లు బరిలోకి దూసుకొచ్చారు. ఫైనల్ అనేసరికి బుద్ధి మారిందిరా అని ఒకడు, దొంగ ఒట్టు అని ఒకడు. శ్రీశైలం సొంత జట్టు వాళ్లే తల తిప్పుకున్నారు. రెఫరీ టచ్ ఖాయం చేశాడు. మహేశ్వరం ఓడిపోయింది. శ్రీశైలం చొక్కా భుజాన వేసుకొని, కళ్లు తుడుచుకుంటూ గుంపులోంచి బయటికి నడుస్తుంటే ఎవరో వాళ్లమ్మ పేరెత్తి మరీ వెక్కిరించారు.

సుబ్బారావు గారు కలం తీశారు. "కళ్లముందు జరిగినదానికి తల్లి మీద ఒట్టు వేస్తాడా? ఏడాది పాటు ఆడనివ్వకూడదండీ ఇలాంటివాణ్ని. నేను రాస్తాను."

అప్పుడు యాదగిరి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఆ పిలగాడు అబద్ధమాడలే."

"మరి టచ్ ఎట్ల ఇచ్చినవ్?"

"టచ్ అయింది, గదీ నిజమే. ఆనికి తెల్వలే, గిదీ నిజమే. నేను ఆని చెయ్యి దగ్గరికెళ్లి జూసిన. ఒళ్లంత చెమట, మన్ను. రెయిడర్ ఏళ్లు తగిలిన కాడ బిళ్లంత జాగ తెల్లగున్నది. ఆడ చెమట లేదు, మన్ను గూడ అంటలే." అతను చొక్కా మీద నుంచే మోచెయ్యి రుద్దుకున్నాడు. "నేను ఆట ఎందుకు బంద్ చేసిననుకున్నవ్? బాలాపూర్ల గణపతి పండుగకు ఆడినప్పుడు నన్ను గూడ గిట్లనే దొంగన్నరు. నేను గూడ తాకలే అన్న. నాకు నిజంగ తెల్వలే అక్కా. అది గీ రోగమని తర్వాత్తర్వాత సమజయింది. అప్పటిదాంక దొంగగనే బతికిన."

ఒక పక్క సుబ్బారావు గారు రాయడానికి కాగితం సర్దుకుంటున్నారు. ఇంకో పక్క శ్రీశైలం రోడ్డెక్కబోతున్నాడు. వెళ్లి, నీకు కుష్ఠు ఉండొచ్చు, టెంటులోకి రా అంటే నన్ను కొట్టినా కొడతాడు. దొంగ అన్నది చాలక ఇదొకటి అంటగడుతున్నారా అంటాడు. చెప్పకపోతే అతని వేళ్లు వంకరపోయేదాకా ఎవరికీ తెలియదు.

"నేను చెప్తే ఇంటడు," అన్నాడు యాదగిరి.

"నీకెట్ల తెలుసని అడిగితే?"

అతను బస్‌స్టాండు వైపు చూశాడు. హోటళ్ల పొయ్యిల పొగ అక్కణ్నుంచే కనిపిస్తుంది. గుంపులో సగం మంది ఆ హోటళ్లలో చాయ్ తాగేవాళ్లే. ఒక హోటలాయన ముందు వరుసలోనే నిలబడి ఉన్నాడు. యాదగిరి కుడిచేతి గుండీ తీశాడు.

"యాదగిరీ, జర ఆలోచించుకో. పాలు..."

"నిన్నటి సంది గదే ఆలోచిస్తున్నక్కా."

తను వేసుకున్న దేవదానం గారి చొక్కా చేతులు రెండూ మోచేతుల పైదాకా మడిచాడు. పక్కనుంచి పోకుండా బరి మధ్యలోంచి నడిచి వెళ్లాడు. శ్రీశైలం మణికట్టు పట్టుకొని ఆపాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కాని తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించడం కనపడింది. శ్రీశైలం ఆ చేతుల్ని చూశాడు, తన చేతిని తిప్పి చూసుకున్నాడు. ఇద్దరూ కలిసి టెంటు వైపు నడిచారు. గుంపు పక్కకు జరిగింది. హోటలాయన అందరికంటే ఎక్కువ జరిగాడు.

రెండు రోజులుగా మనిషి కోసం ఎదురుచూసిన ఖాదర్ తడబడి లేచి స్టూలు పడేశాడు. శ్రీశైలాన్ని కూర్చోబెట్టి, కళ్లు మూసుకొమ్మని, ముట్టినప్పుడల్లా చెప్పమన్నాడు. దూదిని ఒత్తిలా చేసి మెడ మీద తాకించాడు. "ముట్టినవ్," అన్నాడు శ్రీశైలం. అరచేతి మీద. "ముట్టినవ్." మోచేతి పైన, ఆ బిళ్లంత జాగాలో పెట్టి అలాగే ఉంచాడు. శ్రీశైలం కళ్లు మూసుకొని ఎదురుచూస్తున్నాడు.

"ఏందన్నా, ఇంక ముట్టవైతివి?" అన్నాడు.

టెంటు చుట్టూ జనం మూగి చూస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. సుబ్బారావు గారు ఎప్పుడు వచ్చారో నా పక్కనే నిలబడి ఉన్నారు. కలం జేబులో పెట్టుకున్నారు.

"టచ్ నిర్ణయం మారదమ్మా. ఆ అబ్బాయి మీద మాత్రం నేనేమీ రాయను." వెళ్లబోతూ ఆగి యాదగిరి వైపు చూశారు. "మీ అంపైర్ ఇప్పుడు నియమం ప్రకారం ఉన్నాడు."

ఆ సాయంత్రం ఖాదర్ టెంటులోకి ఇంకొందరు వెళ్లారు, తలలు వంచుకొని, ఒకరి వెనక ఒకరు. మరునాడు పొద్దున యాదగిరి పాలు హోటళ్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చాయి. నేనూ ఖాదరూ వెళ్లి మాట్లాడాం. "నాకేం లేదు మేడం, గిరాకిలు ఒప్పుకోవాలె గద?" అన్నాడు ఆ హోటలాయన. ఏళ్ల తరబడి ఆ పాల మీద బతికిన హోటలు అది. యాదగిరి ఒక బర్రెను అమ్ముకున్నాడు. మందు పూర్తయిందని డాక్టర్ చేత రాయించి తెచ్చినా ఒక్క హోటలే మళ్లీ పోయించుకుంది, అదీ చాలా నెలల తర్వాత. శ్రీశైలం మాత్రం మందు వాడుతూనే ఆడాడు. వేళ్లు వంకరపోలేదు.

చొక్కాలు ఆరూ ఉతికి, ఇస్త్రీ చేయించి చర్చికి తీసుకెళ్లాను. అప్పటికే కబురు అంతటా పాకింది. యాదగిరి వేసుకున్నది ఎవరి చొక్కా అని పెద్దలు ఒకరి తర్వాత ఒకరు అడిగారు. నేను చెప్పలేదు. కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టుకున్న ప్రభువు గురించి ప్రతి ఏడూ ప్రసంగం వినేవాళ్లే అందరూ. తర్వాతి బల్ల ఆరాధనకు, చొక్కాలిచ్చిన ఆరుగురిలో ఐదుగురు తెల్ల చొక్కాల్లో వచ్చారు, ఒకాయన నీలం చొక్కాలో వచ్చాడు. దేవదానం గారు తెల్ల చొక్కాలోనే వచ్చారు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. అంపైర్ కన్ను సరిగ్గా చూసినంత మాత్రాన అవతలివాడు అబద్ధమాడినట్టు కాదు. నిర్ణయం ఇవ్వాలి, ఆట సాగాలి. కాని మనిషిని దొంగ అనే ముందు తగిలిన చోట ఒకసారి చూడాలి. ఇది నాకు నేర్పినవాడు యాదగిరి. తన ఒంటి రంగు మామూలుకొచ్చాక కూడా అతను హాఫ్ హ్యాండ్స్ లోనే వచ్చేవాడు, చలికాలంలో సైతం.

తర్వాత రెండేళ్లకు తొండుపల్లిలో ఒక మ్యాచ్. యాదగిరి టచ్ ఇచ్చాడు, డిఫెండర్ తాకలేదని దేవుళ్లందరి మీదా ఒట్లు వేస్తున్నాడు. యాదగిరి విసుక్కోలేదు. వాణ్ని పక్కకు పిలిచి కళ్లు మూసుకొమ్మన్నాడు. మెడలోని విజిల్ దారం కొసతో వాడి భుజం మీద, తగిలిన చోటనే మెల్లగా తాకించాడు.

"ఇది తెలిసిందా తమ్మీ?"

"తెలిసిందన్నా."

"దేవుని దయ, మంచిగున్నవ్," అన్నాడు యాదగిరి, వాడి వీపు తట్టి. "దొంగ ఒట్టు పెట్టినవ్. ఔట్, పో."